ఏడు గంటల దగ్గర మచ్చ

రెప్ప వేసుకోవచ్చండీ, చూపు మాత్రం నా చెవి మీదే ఉంచండి అన్నాను, లిఫ్టు నడిపే ఆవిడ నవ్వి, నీ చెవికి ఒక కమ్మ అయినా లేదు కదమ్మాయ్, దేన్ని చూస్తూ కూర్చోమంటావ్ అంది, ఆ నవ్వుకి ఆవిడ ఎడమ కన్ను చిన్నదై మళ్ళీ విచ్చుకుంది, కుడి వైపు మాత్రం రెప్ప లోపలికి కుంగి అలాగే ఉండిపోయింది, ఎందుకంటే అక్కడ ఉండాల్సిన కన్ను నా మోచేతి పక్కన గిన్నెలో, నీళ్ళలో పడుకుని పైకప్పు వంక చూస్తోంది. పది దాటి ఐదు నిమిషాలైంది. రోడ్డుకి అవతల ఉన్న గాజు మేడ మీద ఎండ పడి, అక్కడి నుంచి విరిగి, మా కిటికీలోంచి లోపలికి వచ్చే వెలుగు పదకొండు వరకే ఉంటుంది, ఆ తర్వాత గదంతా ఎవరో దుప్పటి కప్పినట్టు అయిపోతుంది. ఆలోగా నేను ఈ చిన్న నల్ల బిళ్ళ మీద ఆవిడ కన్ను వేసెయ్యాలి. కుదిరితే ఈ ఊళ్ళో ఉంటాను. కుదరకపోతే సోమవారం ఇంకొకామె వస్తుంది, ఆమెకి రాసిన ఉత్తరం మాస్టారి జేబులోనే ఉంది, పొద్దున అది చూపించే నాతో మాట్లాడారు. నా మూడు నెలల గడువు ఈ రోజుతో సరి.

మేం చేసేవి కళ్ళు. పోయిన కన్ను చోట పెట్టుకునేవి. అవి చూడవు, చూస్తున్నట్టు ఉంటాయి. మాస్టారు మైనంతో అచ్చు తీసి తెల్లగుడ్డు పోస్తారు, దాని మీద ఎర్రటి పట్టుదారం పోగులు విడదీసి నరాల్లా అంటిస్తాం, మధ్యలో కూర్చునే నల్లగుడ్డుని మాత్రం మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మిగిలిన కంటిని చూస్తూ, బిళ్ళ మీద రంగులతో వెయ్యాలి. నల్లగుడ్డు అంటాం గానీ అందులో నలుపు తక్కువ, కంటిపాప చుట్టూ తేనె రంగు, తేనె చుట్టూ కాల్చిన ఇటుక, అంచున తడిసిన బూడిద, ఒక్కొక్కరికి ఒక్కోలా. మనిషిని రెండు కళ్ళతో చూడాలి, బిళ్ళని ఒక కంటితో చూడాలి, ఇది మాస్టారు చెప్పిన మొదటి పాఠం. అందుకని బిళ్ళ మీద పని చేసేటప్పుడు కుడి కంటికి భూతద్దం బిగించుకుని ఎడమ కన్ను మూసేస్తాం. తల ఎత్తి మనిషిని చూసేటప్పుడు భూతద్దం నుదుటి మీదికి నెట్టి రెండు కళ్ళూ తెరుస్తాం. వంచడం, ఎత్తడం, మూయడం, తెరవడం, గంటకి మూడు నాలుగు వందల సార్లు. నేను కూర్చున్న స్టూలుని నేలకి మరలతో బిగించేశారు, ఎదుటి కుర్చీని కూడా, మధ్య దూరం మారితే రంగు మారుతుందని మాస్టారి నమ్మకం, ముప్పై ఏళ్ళకి పైగా ఈ స్టూలు ఇక్కడే ఉంది. వెలుగు నా ఎడమ చెంప మీదుగా ఆవిడ మొహం మీదికి పోతోంది. మొదటి వారం నా ఎడమ కంట్లోంచి నీళ్ళు కారుతూనే ఉండేవి. అలవాటవుతుంది అన్నారు మాస్టారు. అలవాటైంది.

ఇంటి దగ్గర నేను విత్తనాల గోదాంలో పుచ్చు గింజలు ఏరేదాన్ని. నాలుగేళ్ళు. పళ్ళెంలో పోసిన గింజల్లో పుచ్చుది తనే పైకొచ్చి కనిపించేది నాకు, వెతకాల్సిన పనే లేదు, మిగతా ఆడవాళ్ళు నీకు గింజలు చెవిలో చెప్తాయా ఏంటే అని నవ్వేవాళ్ళు. ఆరో తరగతిలో బోర్డు మీద కంటి బొమ్మ వేసింది నేనే, ఆ బొమ్మని సైన్సు టీచరు ఏడాదంతా చెరపనివ్వలేదు, ఇన్నేళ్ళ తర్వాత ఈ పని ఉందని తెలిసి నా పేరు పంపిందీ ఆవిడే. బయలుదేరే రోజు బావ గుమ్మంలో నిలబడి, అంత దూరం పోయి కళ్ళు చేస్తావా, ఇక్కడున్న నీ కళ్ళు ఏం పాపం చేశాయి, మూడు నెలల్లో వచ్చేస్తావులే, నీ పళ్ళెం ఎవరికీ ఇవ్వొద్దని గోదాంలో చెప్తాను అన్నాడు. అక్క, ఊరుకోండి మీరు, దానికి చూడటం తప్ప ఇంకేం వచ్చు, అక్కడైనా పనికొస్తుంది అంది. తిట్టో మెచ్చుకోలో తెలియలేదు, దారి పొడుగునా అదే మాట నములుతూ వచ్చాను. చూడటం తప్ప ఇంకేం రాదు నాకు. అదే నిజమైతే ఆ చూడటానికి పనికొచ్చే చోటు ఈ స్టూలు ఒక్కటే, అందుకే ఇది కావాలి నాకు.

చెవి చూస్తూ చూస్తూ నిద్రొస్తోందమ్మాయ్ అంది లిఫ్టావిడ. ఐదు నిమిషాలు అక్కా అన్నాను, అది అబద్ధం, ఇంకా పాప చుట్టూ తేనె కూడా పూర్తి కాలేదు.

ఈ ఊరు నాకు మొదట వీధులుగా తెలియలేదు. వీధులన్నీ ఒకేలా ఉన్నాయి, కింద షట్టర్లు, పైన బాల్కనీలు, వాటి మీద ఎవరివో ఆరేసిన బట్టలు, రెండు మలుపులు తిరిగితే ఎక్కడి నుంచి బయలుదేరానో తెలిసేది కాదు, మొదటి వారం పాల పాకెట్టు కోసం వెళ్ళి గంటన్నరకి తిరిగి వచ్చాను. ఆ రోజే ఇస్త్రీ ఆయన కనిపించాడు. మూల మీద బండి, దాని మీద ఇస్త్రీ పెట్టె, వెనక ఆయన. దారి అడుగుదామని దగ్గరికి వెళ్ళి, మళ్ళీ సిగ్గేసి పక్కనుంచి వెళ్ళిపోబోయాను. ఆయన ఒక కన్ను నా వెంట వచ్చింది, రెండోది అక్కడే ఆగిపోయింది. మా పని అది, అని ఒళ్ళు జలదరించింది, ఆ జలదరింపులోనే ఏదో నెమ్మది కూడా ఉంది, ఊరు కాని ఊళ్ళో తెలిసిన మొహం కనబడ్డట్టు. ఆ తర్వాత ఒక్కొక్కరే బయటపడ్డారు. పదిహేడో నంబరు బస్సు కండక్టరుది ఎడమ కన్ను. తాళాలు బాగుచేసే ముసలాయనది కుడి. ఇస్త్రీ బండి దగ్గర ఎడమకి తిరగాలి, తాళాలాయన దాటాక కుడికి, అలా ఈ ఊరి దారులన్నీ నాకు కదలని కళ్ళని బట్టి తెలిశాయి. వాటన్నిట్లోనూ ఒక మచ్చ ఉండేది. నల్లగుడ్డుని మేం గడియారంలా అనుకుంటాం, పైన పన్నెండు, కింద ఆరు. ఆ మచ్చ ఏడు గంటల దగ్గర, ఆవగింజలో సగం, బూడిద రంగు. ఇస్త్రీ ఆయనకీ అక్కడే, కండక్టరుకీ అక్కడే, మాస్టారి సొరుగులో అరిగిపోయి వెనక్కి వచ్చిన పాత కళ్ళ డబ్బా ఉంటుంది, అందులో వాటికీ అక్కడే. మా పల్లెకి రెండు మైళ్ళ అవతలి ఊళ్ళో అందరి పళ్ళూ పచ్చగా ఉంటాయి, నీళ్ళలో ఏదో ఉందంటారు. ఈ ఊరి నీళ్ళు కళ్ళలో మచ్చ తెస్తాయి కాబోలు అనుకున్నాను. గింజలు ఏరినన్నాళ్ళూ ఒక్క గింజ తప్పు చెప్పనిదాన్ని, ఇక్కడ మాత్రం చూడకుండా అనుకున్నాను.

అనుకుని, నాకిచ్చిన మొదటి పనిలో, ఒక దర్జీ కన్ను వేస్తూ, ఏడు గంటల దగ్గర బూడిద చుక్క పెట్టేశాను. ఆయన సూది బెజ్జంలో దారం ఎక్కించుకునే మనిషి. అద్దంలో ఒక్కసారి చూసుకుని, ఇదేంటమ్మా, నా కంట్లో ఈగ వాలింది అన్నాడు. మాస్టారు బిళ్ళని ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకుని చూశారు, ఎంత శ్రద్ధ అనుకున్నాను అప్పుడు. దర్జీ వెళ్ళాక కేకలేస్తారనుకుంటే గొంతు తగ్గించి మాట్లాడారు. అది నా కంటే ముందు ఈ స్టూలు మీద కూర్చున్నావిడ మచ్చట. పద్దెనిమిదేళ్ళు పనిచేసిందట, ఊరంతా కళ్ళమ్మ అనేవాళ్ళట, పోయినేడు జబ్బు చేసి పోయిందట. ఆవిడ కంట్లో ఉండేదేమో అలాంటిది, ఎవరి చెయ్యి వాళ్ళ కన్నే వేస్తుంది, ఎన్నిసార్లు చెప్పినా వచ్చేసేది, వేసుకున్నవాళ్ళెవరూ ఏమీ అనలేదు గనక నేనూ ఊరుకున్నాను అన్నారు. పద్దెనిమిదేళ్ళు ఎదురెదురుగా కూర్చుని ఆవిడ కంట్లో మచ్చ ఉందో లేదో తెలియలేదా అని అడగబోయి ఆగాను. ఆవిడ మర్యాద ఆవిడది, నువ్వు ఆవిడ కాదు, ఇంకోసారి నీ చేతి నుంచి ఆ మచ్చ వచ్చిందంటే బస్సెక్కిస్తాను అన్నారు. తర్వాత రెండు నెలలూ దారప్పోగులు అంటించాను, పాతవాటికి మెరుగు పెట్టాను, రోజూ ఈ గంట మాత్రం స్టూలు మీద కూర్చుని, ఎదుటి కుర్చీలో అద్దం పెట్టుకుని, నా కన్నే వేస్తూ చెయ్యి తిప్పుకున్నాను. అప్పటికి నా కంట్లో మచ్చ లేదు. ఉందా అని రోజూ చూసుకునేదాన్ని.

నేనుండేది కూడా ఆవిడ గదే, ఈ కార్ఖానా పైన. మంచం కింద ఆవిడ చెప్పులు ఉంటే తీసి మూటకట్టి పెట్టాను. ఆ గదిలో కొన్ని సంగతులు ఏమిటో తెలియకుండానే వాటితో కలిసి బతికాను. మెట్ల పక్కన ఎడమ గోడకి, నడుం ఎత్తున, కింది నుంచి పై దాకా జిడ్డుగీత ఉంది, ఎవరో రోజూ చెయ్యి రాసుకుంటూ ఎక్కినట్టు. తలుపు చట్రానికి ఎడమ వైపు మాత్రం పాత గుడ్డ మడత పెట్టి మేకులు కొట్టారు. గ్లాసులన్నిటికీ ఒకే చోట అంచు పెచ్చులూడింది. ముసలావిడ కాబోలు అనుకున్నాను. ముసలావిడ కాదట, నలభై ఐదేళ్ళు.

తేనె అయింది. ఇటుక రంగు కలిపాను. భూతద్దం పైకి నెట్టి రెండు కళ్ళూ తెరిచి చూశాను, లిఫ్టావిడ ఎడమ కంట్లో ఏడు గంటల దగ్గర మచ్చ ఉంది.

ఉంది. ఆవగింజలో సగం, బూడిద రంగు. గిన్నెలోకి చూశాను, అందులోనూ ఉంది, అది ఉండాల్సిందే, తొమ్మిదేళ్ళ కిందట కళ్ళమ్మ వేసింది కదా. కానీ ఇది బతికున్న కన్ను. ఇలా అవుతుందని నాకు వారం నుంచీ తెలుసు, ఎవరికీ చెప్పలేదు. పోయిన గురువారం టీ ఇచ్చే ఆవిడ కంట్లో కనిపించింది. మర్నాడు మాస్టారి కంట్లో, ఆ తర్వాత అద్దంలో నా కంట్లోనే. ఆదివారం వీడియో ఫోన్లో అక్క కంట్లో కనిపిస్తే, ఫోను అద్దం మీద మరక అనుకుని కొంగుతో తుడిచాను, ఏంటే తుడుస్తున్నావ్, నా మొహం అంత మురిగ్గా ఉందా అంది అక్క. కళ్ళమ్మ గది, ఆవిడ మంచం, ఆవిడ స్టూలు, ఇప్పుడు ఆవిడ మచ్చ, ఇక నాలో నాదంటూ ఏం మిగిలింది అనిపించింది ఆ సాయంత్రం. వీధిలో నన్ను చిన్నకళ్ళమ్మ అని పిలవడం మొదలుపెట్టారు, మొదట ముద్దుగా ఉండేది ఆ పిలుపు, ఇప్పుడు వెనక నుంచి ఎవరైనా అలా పిలిస్తే ఆగను. చూసింది చూసినట్టు వెయ్యి అనేది మాస్టారి రెండో పాఠం. చూసింది వేస్తే మచ్చ వస్తుంది. మచ్చ వస్తే బస్సు. చూసింది వెయ్యకుండా వదిలేస్తే, ఆ మచ్చ నిజంగా లిఫ్టావిడ కంట్లో ఉన్నదే అయితే, ఆవిడ రెండు కళ్ళూ రెండు రకాలుగా ఉంటాయి, అప్పుడూ బస్సే. పది ఇరవై ఎనిమిది. ఇస్త్రీ ఆయన్ని పిలిచి, అయ్యా, మీకు కనిపిస్తోందా అని అడగనా? ఆయనకి మాత్రం ఉన్నది ఒక కన్నే కదా.

ప్రతిబింబమైతే మనిషి కదిలితే అది కదలదు. అక్కా, ఒక్కసారి తల కొంచెం తలుపు వైపు తిప్పండి అన్నాను. తిప్పింది. మచ్చ కంటితోపాటే వెళ్ళింది. ప్రతిబింబం కాదు. మరక కాదు. అయితే ఉన్నట్టే కదా అని కుంచె తీసుకుని బూడిద రంగులో ముంచాను, ముంచాక చెయ్యి ముందుకి పోలేదు. గోదాంలో ఒక్కోసారి అనుమానం గింజ వచ్చేది, పుచ్చో మంచిదో తెలిసేది కాదు, అప్పుడు దాన్ని చూడటం మానేసి పళ్ళెం అంచు చూసేదాన్ని, చూపు కాస్త కడుక్కున్నట్టయ్యేది. అలవాటు కొద్దీ ఆవిడ కంటి మీద నుంచి చూపు తీసి పక్కన గోడ మీద పెట్టాను. తెల్లగా సున్నం వేసిన గోడ. మచ్చ గోడ మీదికి వచ్చింది.

కిటికీ చట్రం చూశాను, మచ్చ చట్రం మీద. నా గోరు చూశాను, గోరు మీద. ఎడమ కన్ను మూశాను. లేదు. గోరు గోరులా ఉంది. కుడి కన్ను మూసి ఎడమది తెరిచాను, ఉంది, అంతే కాదు, రెండు కళ్ళతో చూసినప్పటికంటే పెద్దగా ఉంది, అంచులు మెల్లగా ఊపిరి తీసుకుంటున్నట్టున్నాయి. వెలుగు నా ఎడమ చెంప మీద వెచ్చగా పడుతోంది. గాజు మేడ మీద ఎండ ముద్దలా ఉంది, రోజూ ఇదే గంట, ఇదే స్టూలు, ఇదే చెంప. అలవాటవుతుంది అన్నారు. మెట్ల పక్కన ఎడమ గోడ, తలుపుకి ఎడమ వైపు గుడ్డ, గ్లాసు అంచుకి కూజా ఆనించి ఆనించి నీళ్ళు పోసుకున్న చెయ్యి. కళ్ళమ్మ కంట్లో మచ్చ లేదు. ఆవిడ చూపులో ఉంది. బిళ్ళ మీద పని చేసేటప్పుడు ఎడమ కన్ను మూతే గనక అక్కడ కనిపించేది కాదు, తల ఎత్తితే మనిషి కంట్లో కనిపించేది, కనిపించింది కనిపించినట్టు వేసింది పాపం, రెండో పాఠం తప్పలేదు.

"కదిలిందా?" అంది లిఫ్టావిడ.

నా చెవినే చూస్తోంది ఇంకా, నేను చెప్పినట్టే. "ఏంటక్కా?"

"మచ్చ. గోడ మీదికి కదిలిందా అని. ఏటా కన్ను మెరుగు పెట్టించుకోవడానికి వస్తాను కదా, మూడేళ్ళ కిందట కళ్ళమ్మ కూడా ఇలాగే నన్ను చూసి, గోడ చూసి, తన గోరు చూసుకుంది. అచ్చం నీలాగే."

"ఏమన్నారు?"

"ఏమంటుంది. గోడ మీదికీ వచ్చిందే మచ్చ అని గొణుక్కుంది. మెరుగు పెట్టి ఇచ్చింది, అంతే."

"కానీ ఇస్త్రీ ఆయనకి వేసింది రెండేళ్ళ కిందటే. ఆయనకీ మచ్చ ఉంది."

"ఉండదా మరి? తెలిసిందని మానేస్తే, ఇన్నాళ్ళూ ఎందుకు పెట్టావని అడగరూ? అందుకని పెడుతూనే ఉంది." ఆవిడ గొంతు తగ్గించి, "మొదటి రోజే అద్దంలో చూసుకున్నానమ్మాయ్. నా కన్ను నాకు తెలీదా? ఏ మచ్చా లేదు నాకు. ఇస్త్రీ ఆయనకీ తెలుసు, కండక్టరుకీ తెలుసు, మెరుగు పెట్టించుకోవడానికి వచ్చి ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడు ఒకరి మొహాలు ఒకరం చూసుకునేవాళ్ళం కదా. ఎవరం ఏమీ అనలేదు. అంటే ఆవిడ ఎక్కడికి పోతుంది? కంట్లో చిన్న మచ్చ మోస్తే బరువా ఏంటి" అంది.

లోపలి గదిలో మాస్టారు అచ్చు తట్టుతున్న చప్పుడు. టక్, టక్. నేను ఈ ఊళ్ళో దారి కనుక్కున్నది ఆ మచ్చల కళ్ళని చూసే. ఇన్ని కళ్ళు, ఇంతమంది మొహాల్లో, ఒక మనిషి మెల్లగా గుడ్డిదవుతున్న సంగతి మోసుకుంటూ బజార్లో తిరిగాయి, బస్సులో టికెట్లు కొట్టాయి, ఇస్త్రీ చేశాయి, ఒక్కరూ నోరు విప్పలేదు. ఎంత మంచివాళ్ళు. ఎంత మంచివాళ్ళంటే, ఆ మంచితనానికి నా వీపు మీద చెమట చల్లబడింది. ఒక్కరు, ఒకే ఒక్కరు ఆ దర్జీలా ఈగ వాలిందని అరిచి ఉంటే ఆవిడ ఈ స్టూలు మీద నుంచి లేచేది కదా.

"నువ్వూ పెట్టెయ్" అంది లిఫ్టావిడ. "నీకు మచ్చ కనిపిస్తే మచ్చే వెయ్యి. మాస్టారు అడిగితే ఉంది, నాదే అని చెప్తాను. నీ ఉద్యోగం నీకుంటుంది. నాకు అలవాటే." నిజంగానే అంటోంది, దయగా, లిఫ్టులో ఎవరికో జాగా ఇవ్వడానికి పక్కకి జరిగినట్టు. నాకు ఒప్పుకోవాలనిపించింది. అబద్ధమెందుకు, చాలా అనిపించింది. ఒక చుక్క, అంతే. ఇరవై ఏళ్ళు ఇక్కడ ఉండొచ్చు, గోడ పట్టుకుని మెట్లెక్కొచ్చు, వీధిలో అందరూ చిన్నకళ్ళమ్మా అని పిలిచి, దేన్నైనా గుద్దుకోబోతే చెయ్యి పట్టుకుని పక్కకి లాగుతారు. ఊరు అలవాటవడం అంటే ఇదే కాబోలు.

కుంచెకి ఉన్న బూడిద రంగు గుడ్డకి తుడిచేశాను. ఎడమ కన్ను మూసుకున్నాను, మనిషిని చూసేటప్పుడు కూడా. ఒంటి కంటితో చూస్తే మనిషి దగ్గరో దూరమో తెలియదు, లిఫ్టావిడ మొహం కాగితం మీద బొమ్మలా చదునైపోయింది, కుంచె బిళ్ళకి తగిలిందో లేదో చేతికి తెలియాలి తప్ప కంటికి తెలియడం లేదు. రెండుసార్లు గాలిలోనే రంగు పూశాను. చిటికెన వేలు బల్లకి ఆనించుకో, అప్పుడు లోతు తెలుస్తుంది, నేను లిఫ్టు మీటలు అలాగే నొక్కుతాను అంది ఆవిడ. ఆనించాను. తెలిసింది. మెట్లంటే భయమమ్మాయ్ నాకు, ఎక్కడ అడుగు పడుతుందో తెలియక, అందుకే లిఫ్టులో చేరాను, రోజుకి రెండొందల సార్లు పైకి పోతాను, ఎక్కడికీ పోనట్టే కిందికి వస్తాను అంది. నవ్వాను. ఆవిడా నవ్వింది. ఆవిడ ఎడమ కన్ను తెరిచి, నేను ఎడమ కన్ను మూసి, అద్దంలో మనిషీ అద్దం ముందు మనిషీ కూర్చున్నట్టు కూర్చున్నాం. ఇటుక రంగు కుదిరింది. అంచున బూడిద, అది నిజంగా ఆవిడదే. ఏడు గంటల దగ్గర ఏమీ లేదు, తేనెలోంచి ఇటుకలోకి మామూలుగా జారిపోయే చోటు, ఇంత మామూలు చోటు వెయ్యడానికి నాకు పది నిమిషాలు పట్టింది. బిళ్ళ మీద నీటి చుక్క వేశాను, పైన గాజు పూత పడ్డాక ఎలా ఉంటుందో అలా తెలుస్తుంది. రంగులు ఒక్కసారిగా లోతుకి దిగి, బిళ్ళ నన్ను చూసింది.

వెలుగు పోతూ ఉండగా మాస్టారు వచ్చారు. బిళ్ళ తీసుకుని ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకున్నారు. ఒకసారి తిప్పారు. ఇంకోసారి తిప్పారు. తర్వాత దాన్ని పట్టుకునే లిఫ్టావిడ వైపు తిరిగి, "మచ్చ ఏమైనా ఉందామ్మా?" అని అడిగారు. ఆవిడ చేతద్దం తీసుకుని, బిళ్ళని చెంప పక్కన పెట్టుకుని, చాలాసేపు చూసుకుంది. పెదవులు బిగిసి, వదులయ్యాయి. "లేదు మాస్టారూ" అంది. "నాలాగే ఉంది."

మాస్టారు ఊపిరి వదిలారు. జేబులోంచి ఉత్తరం తీసి రెండుగా చింపి, "అయితే ఉండు. రేపటి నుంచి ఈ స్టూలు నీది" అన్నారు. నేను కోరుకున్న మాట అది, ఆ మాట కోసమే మూడు నెలలు ఊపిరి బిగబట్టుకున్నాను, విని స్టూలు మీద నుంచి లేచాను.

"స్టూలు జరపాలి మాస్టారూ" అన్నాను.

"ఏంటీ?"

"వెలుగు వెనక నుంచి పడే వైపుకి. ఇక్కడ కూర్చోను నేను."

"ఇక్కడే కదమ్మా రంగు తెలిసేది. నేను పన్నెండేళ్ళు కూర్చున్నాను, ఆవిడ పద్దెనిమిదేళ్ళు కూర్చుంది. నిన్నగాక మొన్న వచ్చి నువ్వు జరుపుతావా?" ఆయన గొంతు పెరిగింది. "కూర్చోలేకపోతే చెప్పు, ఉత్తరం మళ్ళీ రాయడం ఎంతసేపు."

పన్నెండేళ్ళు. అది నాకు అంతవరకు తెలియదు. "రాయండి" అన్నాను. "కానీ ముందు మీ కుడి కన్ను మూసుకుని నన్ను ఒకసారి చూడండి."

ఆయన కోపంగా ఉత్తరం ముక్కలు బల్ల మీద పడేశారు. లిఫ్టావిడ చేతద్దం ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. మాస్టారు చెయ్యెత్తి అరచేత్తో కుడి కన్ను మూసుకున్నారు. మూసుకుని నా వైపు తిరిగారు. నా వైపు కాదు, నా భుజం పక్కనున్న ఖాళీ వైపు. అక్కణ్ణించి కిటికీ వైపు, మళ్ళీ వెనక్కి, మెల్లగా, గదిలో నేనెక్కడున్నానో వెతుకుతున్నట్టు. నేను ఉన్నచోటే ఉన్నాను. ఎంతసేపో అలాగే ఉన్నారాయన, బయట బస్సు ఒకటి ఆగి, దిగేవాళ్ళు దిగి, మళ్ళీ కదిలింది.

చెయ్యి దించలేదు. ఆ చెయ్యి కంటి మీద అలాగే ఉంచుకుని రెండో చేత్తో బల్ల మీద తడిమి స్క్రూడ్రైవరు అందుకున్నారు, స్టూలు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు, ఇనుప కాలు తడుముతూ కిందికి వచ్చి, మర ఎక్కడుందో నువ్వు చెప్పు అన్నారు.

ఇంకొంచెం కుడికి, అన్నాను.